ఆరోల్సెనా, యాద్ వాషెమా? హోలోకాస్ట్‌లో బతికి బయటపడ్డ పెద్దల బాల్యాన్ని ముందు ఎక్కడ వెతకాలి

విదేశాల్లో యూదు కుటుంబాల్లో పెళ్లి చేసుకున్న మనవాళ్లు తరచూ ఒకే మాట అడుగుతున్నారు. "మామగారు చిన్నపిల్లాడిగా హోలోకాస్ట్ నుంచి బయటపడ్డారు. ఆ రోజుల గురించి ఏమీ చెప్పకుండానే పోయారు. జర్మనీలోని ఆరోల్సెన్ ఆర్కైవ్స్‌కి రాయాలా, జెరూసలేంలోని యాద్ వాషెమ్‌లో వెతకాలా?"

నాజీల బాధితుల రికార్డులు భద్రపరిచే ఈ రెండు సంస్థల్లోనూ వెతకడం ఉచితమే. యాద్ వాషెమ్ పేర్ల జాబితా ముఖ్యంగా చనిపోయినవారిది కాబట్టి, బతికినవారు అందులో నేరుగా కనబడరు. కానీ చనిపోయిన తన తల్లిదండ్రుల వివరాలతో ఆయనే అక్కడ సాక్ష్య పత్రం నింపి ఉండొచ్చు. అందులో ఊరు, బంధుత్వం ఉంటాయి.

నా దృష్టిలో అసలు చిక్కు పేరు దగ్గరే. అప్పట్లో దాక్కుని బతికిన పిల్లలు చాలామంది మారుపేరుతో, క్రైస్తవ పిల్లలుగా పెరిగారు. ఇంట్లోవాళ్లకు తెలిసిన పేరుతో వెతికితే యుద్ధకాలపు కాగితం ఒక్కటీ దొరక్కపోవచ్చు. అందుకే నేను ఆరోల్సెన్ వైపే మొగ్గుతాను. అక్కడి సుమారు 3 కోట్ల పత్రాల్లో నాజీ క్యాంపుల రికార్డులే కాదు, 1945 తర్వాత మిత్రరాజ్యాల అధికారులు, అంతర్జాతీయ శరణార్థి సంస్థలు రాసుకున్న శరణార్థుల దరఖాస్తులు, తల్లిదండ్రులు లేని పిల్లల కోసం తెరిచిన ఫైళ్లు కూడా ఉన్నాయి. ఎక్కడ దాక్కున్నారో, ఎవరు సాకారో పిల్లలకు ఇంకా గుర్తున్న రోజుల్లో రాసినవి అవి. అడిగేటప్పుడు తెలిసిన పేర్లన్నీ, మారుపేర్లతో సహా, పుట్టిన తేదీతో పాటు పంపండి.

అయితే ఆ పిల్లాడు యుద్ధం తర్వాత శరణార్థి శిబిరాలకు రాకపోతే, దాక్కున్న దేశపు రికార్డులే దిక్కు. బెల్జియంలో పిల్లల్ని దాచిన రహస్య సంఘం అసలు పేర్లు ఒక పుస్తకంలో, మారుపేర్లు ఇంకోదాంట్లో, చిరునామాలు మరోచోట రాసుకుంది. ఒక పుస్తకం నాజీల చేతికి చిక్కినా పిల్లలు చిక్కకూడదని ఆ జాగ్రత్త. పోలండ్‌లో యుద్ధం ముగిసీ ముగియగానే యూదు కమిటీలు పిల్లల నోటి నుంచే సాక్ష్యాలు రాయించాయి. అవి వార్సాలోని యూదు చరిత్ర సంస్థలో ఉన్నాయి.

హోలోకాస్ట్ నుంచి బతికి బయటపడ్డవారి మాటలను రికార్డు చేసిన షోవా ఫౌండేషన్ వీడియోలు చాలావరకు 1994 తర్వాతవి. అదే ఊరివాళ్లు ఎవరైనా మాట్లాడారేమో చూడటానికి పనికొస్తాయి. డీఎన్ఏ పరీక్షతో దూరపు బంధువులు దొరకొచ్చు, అంతే.

ఆరోల్సెన్ జవాబుకు నెలలు పట్టొచ్చు. ఈలోపు యాద్ వాషెమ్‌లో పత్రం ఇచ్చినవారి పేరు దగ్గర మామగారి పేరు పెట్టి వెతకండి.