సగం మాట అచ్చేసిన పత్రిక: ఒక పాత చందాదారు సమీక్ష

మా ఇంటికి ఏళ్ల తరబడి వస్తున్న తెలుగు దినపత్రిక పేరు ఇక్కడ రాయడం లేదు. ఎన్ని పేజీలు, అనుబంధాలు ఏ రోజు వస్తాయి, చందా ఎంత అన్నవి అందరికీ తెలిసినవే. నేను మాట్లాడేది జిల్లా పేజీల గురించి మాత్రమే. పత్రికను ఇన్నాళ్లు తెప్పించుకున్నది వాటి కోసం. ఈ రోజు దాని మీద ఇంత కోపం ఉన్నదీ వాటి వల్లే.

ముందు మంచి చెబుతాను. మాది పశ్చిమ గోదావరిలో డెల్టా పల్లె. కాలువలు ఎప్పుడు కట్టేస్తారు, మళ్లీ ఎప్పుడు వదులుతారు, ధాన్యం కొనుగోలు కేంద్రం ఎక్కడ తెరిచారు, వంద కౌంటు రొయ్య (కిలోకు వంద తూగేది) ధర ఎంత పలికింది, రేపు ఏ సబ్‌స్టేషన్ పరిధిలో కరెంటు ఉండదు, ఇవన్నీ మాకు రోజూ కావాలి. మొదటి పేజీలో ఇవి దొరకవు. 1989లో ఈనాడు జిల్లా సంచికలు మొదలుపెట్టాక మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి. ఆ పేజీల బలం ఎంతో 1992లో తెలిసింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మీద తిరగబడితే, ఆ వార్తలు చదివి, చదివించుకుని, మరెన్నో ఊళ్లలో ఆడవాళ్లు కదిలారు. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. మా అత్తయ్య ఆనాటి పేపరు ముక్కలు ట్రంకు పెట్టె అడుగున ఇప్పటికీ దాచుకున్నారు. పేపర్లో పడిందంటే అది జరిగినట్టే అన్న నమ్మకం ఆవిడకు ఆ రోజుల నుంచే ఉంది.

ఇక అసలు సంగతికి వస్తాను. వేసవిలో కాలువలు కట్టేసే ముందే మా ఊళ్లో మంచినీటి చెరువు నింపుకోవాలి. రొయ్యల చెరువుల నుంచి వదిలిన నీళ్లు కాలువలో కలుస్తున్నాయన్నది పాత బాధ. దానికి తోడు నీళ్లను వడగట్టే ఫిల్టర్ బెడ్ల ఇసుక మార్చి చాలా కాలమైంది. కుళాయి నీళ్లు పసుపు పచ్చగా, నాచు వాసనతో వస్తున్నాయి. దీని మీద గ్రామసభ పెట్టారు. నియోజకవర్గ నాయకుడు వచ్చారు, గ్రామీణ నీటి సరఫరా విభాగం అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) వచ్చారు. నేను ముందు వరుసలో కూర్చున్నాను కాబట్టి ప్రతి మాటా విన్నాను, ఫోనులో వీడియో కూడా తీశాను.

మా వీధిలో ఉండే పెద్దావిడ ఒకరు ప్లాస్టిక్ సీసాలో కుళాయి నీళ్లు పట్టుకొచ్చారు. లేచి నిలబడి ఇలా అన్నారు: "ఇప్పటికైనా వచ్చారు, సంతోషం బాబూ. ఇదిగో, ఇవి మా కుళాయి నీళ్లే. ఒక్క గుక్క తాగి చూపించి వెళ్లండి." ఎవరూ తాగలేదు. ఏఈ మాత్రం నిజాయితీగా జవాబు చెప్పారు. ఇసుక మార్చడానికి ప్రతిపాదన పంపామని, నిధులు మంజూరైనా టెండరు ఇంకా పిలవలేదని, అప్పటిదాకా ట్యాంకర్లతో నీళ్లు తోలిస్తామని అన్నారు. నాయకుడు లేచి త్వరలోనే అంతా పూర్తిచేస్తామని మాట ఇచ్చారు. సభ అయ్యాక అందరికీ టీ ఇచ్చారు. జరిగింది ఇంతే.

మర్నాడు మా పత్రిక జిల్లా పేజీలో పెద్ద శీర్షిక: "తాగునీటి కష్టాలకు తెర". దాని కింద కాస్త చిన్న అక్షరాల్లో, "ఇప్పటికైనా వచ్చారు, సంతోషం: గ్రామస్థులు". టెండరు పిలవలేదన్న మాట ఎక్కడా లేదు. ఫొటోలో పెద్దావిడ నాయకుడి ఎదురుగా చెయ్యి చాచి నిలబడి ఉన్నారు. ఆ చెయ్యి మణికట్టు దగ్గర ఆగిపోయింది. సీసా ఫొటో అంచు అవతల ఉండిపోయింది. చూసినవాళ్లకు ఆవిడ దీవిస్తున్నట్టే ఉంటుంది.

సాయంత్రం శాఖా గ్రంథాలయానికి వెళ్లి, మా పత్రికకు రాజకీయంగా ఎదురు పక్షంలో ఉండే పత్రిక తీశాను. అక్కడ శీర్షిక: "తాగి చూపించండి! నాయకుడిని నిలదీసిన మహిళ". ఇందులో మొదటి మాట పోయింది. ఏఈ ఇచ్చిన వివరణ పోయింది, ట్యాంకర్ల హామీ పోయింది. సీసా ఒక్కటే ఫొటో నిండా ఉంది. సభలో ఉద్రిక్తత నెలకొందని రాశారు. అందరం కలిసి టీ తాగిన చోట ఉద్రిక్తత ఎప్పుడు నెలకొందో నేను చూడలేదు.

ఒక మనిషి ఒక్క ఊపిరిలో అన్న మాటలను రెండు పత్రికలు చెరో ముక్క కోసుకుపోయాయి. ఏ వాక్యానికి ఆ వాక్యం తీసి చూస్తే మా పత్రికలో అబద్ధం దొరకదు. ఆవిడ సంతోషం అన్నమాట నిజమే, నాయకుడు మాట ఇచ్చిందీ నిజమే. అయినా చదివిన మనిషి జరగనిది జరిగిందని నమ్ముతాడు. పచ్చి అబద్ధమైతే ఖండించవచ్చు. దీన్ని ఏమని ఖండించాలి?

పెద్దావిడకు చదువు రాదు. తన మాట పేపర్లో పడిందని ఎవరో చెబితే మా ఇంటికి వచ్చి చదివి వినిపించమన్నారు. చదివాను. ఆవిడ కాసేపు ఎదురుచూసి, "తర్వాత మాట ఏదమ్మా?" అని అడిగారు. లేదని చెప్పాను. "నేను వెళ్లిందే ఆ మాట అనడానికి కదా" అన్నారు. పక్కనే ఉన్న అత్తయ్య పేపరు నా చేతిలోంచి తీసుకుని, ఆ వార్తను మొదటి నుంచి చివరిదాకా మళ్లీ వెతికారు.

మండల విలేకరి మాకు తెలిసిన కుర్రాడే. అడిగితే ఫోను తీసి తాను పంపిన కాపీ చూపించాడు. అందులో రెండు మాటలూ ఉన్నాయి, టెండరు సంగతీ ఉంది. "అక్కా, నేను రాసింది ఇది. ఆఫీసులో వార్తలు దిద్దే డెస్కులో మారింది. నేను గట్టిగా అడిగే పరిస్థితి కాదు" అన్నాడు. అదే వారంలో ఆ నాయకుడి పుట్టినరోజు ప్రకటన అర పేజీ బుక్ అయిందట, దాన్ని తెచ్చిందీ తనేనట. అతనికి జీతం లేదు. అచ్చయిన వార్తల కొలతను బట్టి వచ్చేది పెట్రోలుకు కూడా చాలదు. ఆగస్టు 15కి, జనవరి 26కి, సంక్రాంతికి ప్రకటనల టార్గెట్లు మాత్రం ఉంటాయి. శుభాకాంక్షల ప్రకటన కోసం ఎవరి గుమ్మం ఎక్కాలో, వాళ్ల గురించే అతను వార్త రాయాలి. ఈ ఏర్పాటు ఉన్నంతకాలం ఏ కుర్రాడు వచ్చినా అంతే.

సవరణ వేయమని వీడియోతో సహా సంపాదకుడికి రాశాను. జవాబు లేదు. ఫోను చేస్తే డెస్కులో ఒకాయన మర్యాదగానే, "అది పాత వార్త అయిపోయిందండీ, ఇప్పుడు సవరణ ఎందుకు?" అన్నారు. తప్పు జరిగితే దాన్ని తగినంత ప్రముఖంగా, త్వరగా సరిదిద్దాలని, పత్రికల మీద ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్ నియమాలే చెబుతున్నాయి. కానీ 1978 చట్టం ప్రకారం ఆ కౌన్సిల్ చేయగలిగింది హెచ్చరించడం, మందలించడం, అభిశంసించడం వరకే. నేను అక్కడిదాకా వెళ్లలేదు. వెళితే ముందు పోయేది ఆ కుర్రాడి పని.

పత్రికకు ఒక పక్షం ఉండటం మీద నాకు ఫిర్యాదు లేదు. విశాలాంధ్ర, ప్రజాశక్తి ఏ పార్టీల వైపో అవి ఎన్నడూ దాచుకోలేదు. 1983 ఎన్నికల ముందు ఎన్టీ రామారావు ప్రచారాన్ని ఈనాడు ఎలా భుజాన వేసుకుందో పెద్దలకు గుర్తే. 2008లో వచ్చిన సాక్షి ఎవరి కుటుంబానిదో చిన్నపిల్లలకూ తెలుసు. సంపాదకీయంలో ఎవరి పక్షమైనా వహించవచ్చు. ఊళ్లో పెద్దావిడ అన్న మాట ఎవరి పక్షానిదీ కాదు.

2009 ఎన్నికల్లో డబ్బు తీసుకుని వార్తల రూపంలో ప్రచారం అచ్చేశారన్న ఆరోపణలు వచ్చినప్పుడు, ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల సంఘం నమూనా సర్వే చేసింది మా పశ్చిమ గోదావరిలోనే. జర్నలిస్టులే తమ యాజమాన్యాల లెక్క తీయడం చిన్న సాహసం కాదు. ఆ తర్వాత పరంజయ్ గుహా ఠాకుర్తా, కె. శ్రీనివాస్ రెడ్డి కలిసి ప్రెస్ కౌన్సిల్‌కు పత్రికల పేర్లతో సహా 71 పేజీల నివేదిక ఇచ్చారు. 2010 జులైలో కౌన్సిల్ దాన్ని పక్కన పెట్టి, పేర్లు లేని చిన్న నివేదికను ఆమోదించింది. పూర్తి నివేదిక బయటికి రావడానికి 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశం కావలసి వచ్చింది. తమ గురించి తాము రాయవలసి వచ్చినప్పుడు కూడా సగమే అచ్చేశారని నాకు అప్పుడే అనిపించింది.

తర్వాతి రోజుల్లో దాపరికం కూడా తగ్గింది. 2021 మార్చిలో అస్సాం తొలి దశ పోలింగ్ మర్నాడే, ఎగువ అస్సాం సీట్లన్నీ ఒక పార్టీవేనని చెప్పే ప్రకటన అక్కడి పత్రికల మొదటి పేజీల్లో వార్తా శీర్షిక వేషంలో వచ్చింది. మన దగ్గర 2022లో గ్రామ, వార్డు వాలంటీర్లు పత్రిక కొనుక్కోవడానికి నెలకు 200 రూపాయలు ఇస్తూ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. అది అప్పటి ముఖ్యమంత్రి కుటుంబానికి చెందిన సాక్షికే లాభమంటూ ఈనాడు దాన్ని కోర్టులో సవాలు చేసింది. సర్కారు సొమ్ముతో పత్రిక అమ్ముడుపోయే చోట పాఠకుడి నమ్మకానికి విలువ కట్టేదెవరు?

పైన జిల్లా పేజీలను మెచ్చుకున్నాను. ఇప్పుడు ఆ మెప్పు కరెంటు కోతల వేళలకు, రొయ్య ధరలకు, కాలువల తేదీలకే వర్తిస్తుంది. ధాన్యం కొనుగోలు కేంద్రం తెరిచారన్న వార్త తప్పకుండా వస్తుంది. తేమ శాతం పేరుతో కోత పెడుతున్నారన్న వార్త రావడం, రాకపోవడం మాత్రం అధికారంలో ఎవరున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. ప్రభుత్వం మారినప్పుడు మా పత్రిక, గ్రంథాలయంలోని ఆ పత్రిక ఒకదాని గొంతు ఒకటి తెచ్చుకున్నాయి. నిన్నటిదాకా ఒకదానికి కనిపించిన గుంతల రోడ్డు రెండోదానికి కనిపించడం మొదలైంది. రోడ్డు అదే.

అయినా చందా ఆపలేదు. దానికి కారణాలు మా ఇంటివి. అత్తయ్యకు పొద్దున పేపరు లేకపోతే తోచదు. మా అబ్బాయి గ్రూప్‌-2కు చదువుతున్నాడు, వర్తమాన వ్యవహారాల పేజీలు వాడికి బాగా పనికొస్తున్నాయి. గ్రంథాలయం నడిచి వెళ్లేంత దగ్గరలో ఉంది కాబట్టి, అనుమానం వచ్చిన వార్తను రెండో పత్రికతో పోల్చి చూసే వీలు నాకు ఉంది. మీ ఊళ్లో ఆ వీలు ఉంటే, మీకు కావలసింది ధరలు, తేదీలు, పరీక్షల సమాచారమే అయితే ఈ పత్రిక తెప్పించుకోవచ్చు. ఒక్క పత్రికే దిక్కయి, ఊరి సంగతులు దాని ద్వారానే తెలుసుకోవలసిన వాళ్లకు మాత్రం నేను చెప్పలేను.

గ్రామసభ తీర్మానం నకలు పంచాయతీ కార్యదర్శి దగ్గర అడిగి తీసుకున్నాను. టెండరు పిలవలేదన్న ఏఈ మాట అందులో ఉంది. ట్యాంకర్లు కొన్నాళ్లు వచ్చాయి, తర్వాత ఆగాయి. ఇసుక మార్చే పని ఇంకా మొదలు కాలేదు. ఆ సంగతి రెండు పత్రికల్లో ఏదీ మళ్లీ రాయలేదు. ఆ కుర్రాడు మొన్న బజారులో కనిపిస్తే అడిగాను. మళ్లీ రాసి పంపానని, ఈసారి కూడా పడలేదని చెప్పాడు.