టాహో కొండల్లో షార్ట్ సేల్ ఇల్లు కోసం మూడు ట్రిప్పులు

మేముండేది కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో. 2010లో టాహో సరస్సు వైపు కొండల్లో ఇళ్ల రేట్లు బాగా పడిపోయాయి, షార్ట్ సేల్‌లో (అంటే ఇంటి మీదున్న అప్పు కంటే తక్కువకి, బ్యాంక్ ఒప్పుకుంటే ఓనర్ అమ్మేది) అయితే ఇంకా తక్కువకే వస్తున్నాయి అని ఆఫీసులో అందరూ అనుకుంటుంటే మేమూ చూసొద్దామని బయల్దేరాం. అలా అలా మూడు ట్రిప్పులయ్యాయి, తాళాలు చేతికి రావడానికి దాదాపు ఏడాది పట్టింది. కొండమీద ఇల్లు కొనాలనుకునేవాళ్లకి నేను గట్టిగా చెప్పేది ఒక్కటే, ఎండ కాసేటప్పుడు చూసి ఆఫర్ పెట్టేయకండి, మంచులో ఒక వారం అక్కడ ఉండి చూశాక పెట్టండి.

మొదటిసారి అక్టోబర్‌లో హైవే 50 మీద సౌత్ లేక్ టాహో వెళ్లాం. తెనాలి నుంచి వచ్చిన అత్తయ్యగారు కూడా ఉన్నారు. దారిలో కమీనో దగ్గర యాపిల్ హిల్ తోటల్లో ఆగాం, ఆ సీజన్‌లో వెళ్తే మాత్రం తప్పకుండా ఆగండి. స్టేట్‌లైన్ దగ్గర మోటెల్ తీసుకున్నాం, హెవెన్లీ స్కీ రిసార్ట్ గొండోలాకి (కేబుల్ కారుకి) నడిచి వెళ్లిపోవచ్చు, రేటు కూడా తక్కువే, కానీ పక్కనే కేసినోలు కాబట్టి రాత్రంతా చప్పుడు, గదిలో సిగరెట్ వాసన, పెద్దవాళ్లతో వెళ్తే అక్కడ వద్దు. పైగా సరస్సే 6,200 అడుగుల పైన ఉంటుంది, అత్తయ్యగారికి మొదటిరోజంతా ఆయాసం, తలనొప్పి. రెండోరోజుకి సర్దుకుంది.

మేయర్స్ దగ్గర చూసిన ఇల్లు ఫొటోల్లో ఎంత బాగుందో! ఓనర్ ఖాళీ చేసి వెళ్లిపోయి ఏడాది దాటిందట. టాయిలెట్ మూతకి టేపు అంటించి 'వింటరైజ్ చేశాం' (అంటే చలికి పైపులు పగలకుండా నీళ్లన్నీ తీసేశాం) అని కాగితం పెట్టారు. చూపించడానికి వచ్చిన ఏజెంట్ అంతా బాగానే ఉందన్నాడు, మేమూ హాల్లోంచి కనిపించే పైన్ చెట్లు చూస్తూ నిలబడిపోయాం. అత్తయ్యగారు మాత్రం "అమ్మాయ్, చెమ్మ వాసన వస్తోంది, ఆ వంటింట్లో సింకు కింద చూడండి" అన్నారు. తలుపు తీసి ఫోన్ లైట్ వేసి చూస్తే రాగి పైపు ఎండిన కందికాయ విచ్చుకున్నట్టు నిలువునా చీలి ఉంది. వింటరైజ్ చేయకముందే ఒక చలికాలంలో హీటర్ ఆపేసి ఉంటారు, పైపులో నీళ్లు గడ్డకట్టి పగిలింది, తర్వాత కరిగి నీళ్లన్నీ చెక్క ఫ్లోర్ కిందకి పోయాయి. పలకలు అప్పడంలా పైకి లేచాయి. షార్ట్ సేల్ అంటే ఉన్నది ఉన్నట్టు తీసుకోవడమే, రిపేర్‌కి బ్యాంక్ సాధారణంగా పైసా ఇవ్వదు. వదిలేశాం.

తిరిగొచ్చేటప్పుడు 2007 జూన్‌లో వచ్చిన ఆంగోరా మంటల్లో కాలిపోయిన చోటు చూశాం, నల్లటి మోడులు అలాగే నిలబడి ఉన్నాయి. ఆ ఒక్క మంటల్లోనే 250కి పైగా ఇళ్లు పోయాయి. అది చూశాక, ప్రతి ఇంటి దగ్గరా కప్పు మీద ఎండుటాకులు ఉన్నాయా, గోడకి ఆనుకుని చెట్లున్నాయా అని ముందు అవే చూడటం మొదలుపెట్టాం, ఇన్సూరెన్స్ కోట్ కూడా ఆఫర్ కంటే ముందే తీసుకున్నాం.

రెండో ట్రిప్ హైవే 4 మీద ఆర్నాల్డ్. సుమారు 4,000 అడుగుల ఎత్తు, మంచు తక్కువ, రేట్లూ తక్కువ, పక్కనే కాలవెరాస్ బిగ్ ట్రీస్ పార్క్, ఆ సెకోయా చెట్ల కింద నిలబడితే కదలాలనిపించదు. చిన్న లాడ్జిలో ఉన్నాం, శుభ్రంగా ఉంది. కానీ పిల్లలకి స్కీయింగ్ కావాలి, దానికి ఇంకా పైకి బేర్ వ్యాలీ దాకా వెళ్లాలి. అందుకని అది వద్దనుకున్నాం.

మూడోది 2011 ఫిబ్రవరి, టాహోకి ఉత్తరాన ఉన్న ట్రకీ. ఐ-80 హైవే మీద చైన్ కంట్రోల్ పెట్టారు, అంటే మంచులో జారకుండా టైర్లకి గొలుసులు కట్టుకోవాలనే రూలు. అందులో ఆర్-2 స్థాయి అంటే నాలుగు చక్రాలకీ స్నో టైర్లున్న ఫోర్ వీల్ డ్రైవ్ తప్ప మిగతా అన్ని బళ్లకీ చైన్లు కట్టాల్సిందే. రోడ్డు పక్కన చైన్లు కట్టే మనిషి 30 డాలర్లు తీసుకుని మంచులో పడుకుని మరీ కట్టాడు, ఆ డబ్బుకి పదింతలు ఇచ్చినా తక్కువే. ట్రకీలోనే టాహో డోనర్ అనే కాలనీలో ఒక క్యాబిన్ వారం రోజులకి తీసుకున్నాం. మోటెల్ కంటే ఖర్చెక్కువే, కానీ వంటిల్లు ఉంది, పులిహోర, పెరుగన్నంతో గడిచిపోయింది. ఆ వారం నేర్పినంత ఇంకెవరూ నేర్పలేదు. పొద్దున్నే ప్లౌ (మంచు తోసే బండి) వచ్చి రోడ్డు శుభ్రం చేసి ఆ మంచంతా మన డ్రైవ్‌వే మొదట్లో గోడలా పెట్టేసి పోతుంది, అందుకే అక్కడ చాలా ఇళ్లకి స్నో బ్లోయర్ (మంచు ఎగజిమ్మే యంత్రం) మనిషితో సీజన్ కాంట్రాక్ట్ ఉంటుంది, ఆ ఖర్చు ఏటా లెక్కేసుకోవాలి. డోనర్ పార్క్‌లో, వలస బళ్లలో వచ్చిన డోనర్ బృందం మంచులో చిక్కుకున్న 1846-47 చలికాలం మంచు ఎంత ఎత్తు పడిందో చూపించే స్మారకం ఉంది, దాని పీఠమే 22 అడుగులు. పిల్లలు దాని కింద నిలబడి తల పైకెత్తి చాలాసేపు చూశారు.

మేం కొన్న ఇల్లు ఆ క్యాబిన్‌కి రెండు వీధుల అవతల. ఆ ఇంటి మీద ఓనర్ అప్పు నాలుగు లక్షల డాలర్ల పైన ఉంది, మేం ఆఫర్ పెట్టింది రెండు లక్షల నలభై వేలు. ఓనర్ కుటుంబం ఇంకా అందులోనే ఉంది, హీటర్ నడుస్తోంది, పైపులు బాగున్నాయి. కొండ ఇళ్లే చూసే ఇన్‌స్పెక్టర్‌ని పెట్టుకున్నాం, అటక మీదకి ఎక్కి కప్పు అంచున మంచు గడ్డకట్టి నీళ్లు లోపలికి వచ్చిన మరక చూపించాడు. అతనికిచ్చిన ప్రతి డాలరూ దక్కింది.

ఓనర్ మూడు రోజుల్లో సంతకం పెట్టేశాడు. కానీ షార్ట్ సేల్‌లో అసలు ఒప్పుకోవాల్సింది బ్యాంక్, ఎందుకంటే నష్టం వాళ్లది. ఫైల్ ముగ్గురు మనుషుల చేతులు మారింది, మారిన ప్రతిసారీ అవే కాగితాలు మళ్లీ పంపాం. దానికి తోడు ఆ ఇంటి మీదే ఓనర్ తీసుకున్న రెండో లోన్ ఇంకో బ్యాంక్‌ది. వాళ్లు ఒప్పుకుంటాం కానీ మిగతా బాకీకి ఓనర్‌ని వదలం అన్నారు, అతను భయపడి వెనక్కి తగ్గాడు, అతన్ని తప్పుపట్టలేం. 2011 జులైలో కాలిఫోర్నియాలో చట్టం వచ్చింది, షార్ట్ సేల్‌కి ఒప్పుకున్నాక రెండో లోన్ వాళ్లు కూడా మిగిలిన బాకీ అడగకూడదని. దాంతో కదిలింది. ఆగస్టులో అప్రూవల్ లెటర్ వచ్చింది, 30 రోజుల్లో క్లోజ్ చేయాలి, అంటే కొనుగోలు పూర్తి చేయాలి. కాలనీ ఇళ్ల ఓనర్ల అసోసియేషన్‌కి ఓనర్ బాకీపడ్డ ఫీజులో కొంత మేమే కట్టాం. ఏజెంట్‌ని ఎంచుకునేటప్పుడు షార్ట్ సేల్స్ ఎన్ని క్లోజ్ చేశారో అడగండి, మా రెండో ఏజెంట్ వారం వారం బ్యాంక్‌కి ఫోన్ చేయకపోతే మా ఫైల్ అక్కడే ఉండేది.

సెప్టెంబర్‌లో తాళాలిచ్చారు. వెళ్లి చూస్తే ఇల్లంతా ఊడ్చి ఉంది, గరాజ్‌లో మంచు పారలు రెండు వదిలేశారు. వంటింటి సొరుగులో చేత్తో రాసిన కాగితం ఒకటి. ఊరెళ్లేటప్పుడు నీళ్ల వాల్వ్ ముందు ఏది కట్టాలి, తర్వాత ఏ కుళాయిలు తెరిచి వదలాలి, వరుసగా బొమ్మ గీసి మరీ రాశాడాయన. అది ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి హీటర్ పక్కన గోడకి అంటించాం, ఇప్పటికీ అక్కడే ఉంది.