‘ట్యాకిల్!’ కొంటున్నారా? ముందు పేజీలు లెక్కపెట్టుకోండి

బ్రిటిష్ రచయిత్రి జిలీ కూపర్ నవల ‘ట్యాకిల్!’ ఆన్‌లైన్‌లో మరీ చవగ్గా కనబడితే కాస్త ఆగండి. నేను ఆగలేదు. అట్ట మీద 699 అని ఉన్న పుస్తకం 240కి వస్తోందంటే కక్కుర్తి పడ్డాను. వచ్చింది దొంగ ప్రింటు. అందులోనూ మధ్యలో పేజీలు ఎగిరిపోయిన దొంగ ప్రింటు.

ఆవిడ 2025 అక్టోబరులో 88 ఏళ్ల వయసులో పోయారు. ఆ వార్త చూశాకే ఆవిడ చివరి నవలైన దీన్ని చదవాలనిపించింది. రూపర్ట్ క్యాంప్‌బెల్-బ్లాక్ అనే గుర్రాల ఆసామి, ఫుట్‌బాల్ అంటే బొత్తిగా గిట్టనివాడు, పోయి పోయి ఓ చిన్న క్లబ్బు కొంటాడు. ఇక డ్రెస్సింగ్ రూమ్ గొడవలు, ఆటగాళ్ల పెళ్లాలు, ఎవరు ఎవరి పక్కలో తేలారన్న లెక్కలు. ఈ పుస్తకం 2023 నవంబరులో వచ్చింది, అప్పటికి ఆవిడకి 86 ఏళ్లు. కంప్యూటర్ జోలికి పోకుండా ‘మోనికా’ అని పేరు పెట్టుకున్న పాత టైప్‌రైటర్ మీదే రాసేవారు. దీనికోసం గ్లోస్టర్‌షైర్‌లో తమ ఇంటి దగ్గర్లోని ఫారెస్ట్ గ్రీన్ రోవర్స్ క్లబ్బుకి వెళ్లి అంతా చూసొచ్చారట. మ్యాచ్ రోజున గ్రౌండులో మాంసం దొరకని క్లబ్బు అది, మొత్తం వీగన్ తిండే. ఫుట్‌బాల్ కోచ్ రహీం సాబ్ తయారుచేసిన హైదరాబాద్ ఆటగాళ్ల కబుర్లు నాన్న నోట వింటూ పెరిగినదాన్ని, ఇంకేం ఆలోచించకుండా ఆర్డర్ పెట్టేశాను.

పుస్తకం వచ్చిన రోజే అనుమానం రావాల్సింది. అట్ట మీద బొమ్మ ఫొటోని మళ్లీ ఫొటో తీసినట్టు మసగ్గా ఉంది. కాగితం ఎంత పల్చనంటే వెనక పేజీ అక్షరాలు ఇవతలికి కనిపిస్తున్నాయి. తెరిస్తే కిరసనాయిలు వాసన. ప్రచురణకర్తల వివరాలుండే పేజీలో సగం చదవడానికే రావట్లేదు. ఇండియన్ ఎడిషన్ కదా, ఇలాగే ఉంటుందేమోలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

288వ పేజీ అడుగున ఓ వాక్యం సగంలో ఆగింది. తిప్పితే 321. అక్కడ వేరే మనుషులు, వేరే గది. ఈవిడ నవలల్లో పాత్రలు ఎంతమందంటే, మొదట్లోనే ఎవరెవరో జాబితా ఇస్తారు, కుక్కలకీ గుర్రాలకీ విడిగా ఇంకో జాబితా. దాంతో నేనే ఎవర్నో మర్చిపోయాననుకుని రెండుసార్లు ఆ జాబితాకి వెళ్లి వెతికాను. ఆ తర్వాత గానీ అంకెలు చూసుకోలేదు. 32 పేజీలు లేవు. దానికి బదులు 321 నుంచి 352 దాకా రెండుసార్లు కుట్టారు!

అమ్మినవాళ్లకి ఫొటోలు పంపితే “బైండింగ్‌లో పొరపాటు మేడమ్, మార్చిస్తాం” అన్నారు. పాపం మంచివాళ్లే అనుకున్నాను. వారానికి రెండో కాపీ వచ్చింది. ఈసారి తిన్నగా 288కే వెళ్లాను. మళ్లీ 321. ఒక్క కాపీలోనే అయితే ఏదో పొరపాటనుకోవచ్చు, రెండో కాపీలోనూ అదే చోట వచ్చిందంటే ఆ కట్ట కట్టంతా అంతేనన్నమాట. డబ్బు వెనక్కివ్వమంటే “రీప్లేస్‌మెంట్ తీసుకున్నాక రిటర్న్ కుదరదు” అని ఒకటే పాట.

ఇంకో సంగతి, నాకు అన్నిటికంటే ఒళ్లు మండింది దీనికే. ఆ సైటులో దీన్ని ‘క్రీడలు, టీనేజ్’ కింద పెట్టారు. అట్ట మీద ఫుట్‌బాల్ చూసి మా పదమూడేళ్ల మేనల్లుడు “అత్తా, నువ్వు చదివాక నాకివ్వవా” అని వెంటపడ్డాడు. ఇది పెద్దవాళ్లు నవ్వుకుంటూ చదువుకునే పచ్చి సరసం. పిల్లల పుట్టినరోజుకి గిఫ్ట్ ప్యాక్ చేయించేరు, జాగ్రత్త.

లేని పేజీల సంగతేంటంటారా? ఇంగ్లండ్‌లోని స్విండన్‌లో ఉన్న మా పిన్ని కూతురు అక్కడి లైబ్రరీలో తెచ్చుకుని ఫోన్లో చదివి వినిపించింది. హాల్లో అత్తయ్య సీరియల్ చూస్తున్నారు, నేనేమో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని బాల్కనీలో. మధ్యలో బ్లూటూత్ తెగి ఓ వాక్యం స్పీకర్లో పడింది. ఇంగ్లిష్ కాబట్టి బతికిపోయాను. పుస్తకం మీద మాత్రం నాకే ఫిర్యాదూ లేదు, ఫుట్‌బాల్ కంటే గుర్రాల మీదే రచయిత్రికి ప్రేమెక్కువని తెలిసిపోతుంది, అంతే. ఈవిడని అసలు చదవనివాళ్లు మాత్రం 1985 నాటి ‘రైడర్స్’తో మొదలుపెడితే మంచిది, దీంట్లో సగం మంది పాతకాపులే. ఆ ‘రైడర్స్’ రాతప్రతిని ఆవిడ లండన్‌ బస్సులో పోగొట్టుకుని, ఏళ్ల తర్వాత మొత్తం మళ్లీ రాశారు. 32 పేజీలకే నేనింత గోల పెడుతున్నాను!

కొనేవాళ్లు అమ్మకందారు పూర్తి పేరు, చిరునామా పేజీలో ఉన్నాయో లేదో చూసుకోండి. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం అవి చూపించి తీరాలి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. రిటర్న్ గడువు ఉండగానే పేజీల అంకెలు మొదట్నుంచి చివరిదాకా తిప్పి చూడండి, ఐదు నిమిషాల పని. దొంగ ప్రింటని తేలితే “మార్చిస్తాం” అంటే ఒప్పుకోకండి, నేను దెబ్బతిన్నది అక్కడే. చివరికి 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు రాయించాక పన్నెండో రోజున 240 రూపాయలూ వెనక్కొచ్చాయి. పుస్తకాలు తీసుకెళ్లడానికి మాత్రం ఇంతవరకూ ఎవరూ రాలేదు. రెండు కాపీలూ ఇంకా నా దగ్గరే ఉన్నాయి. మీ దగ్గరున్నదీ ఆ కట్టలోదేమోనని అనుమానముంటే అడగండి, 288వ పేజీ ఫొటో పంపిస్తాను.