ఎర్ర డిస్క్ టైమర్: ఆర్టికల్‌షిప్ నుంచి సీఏ ఫైనల్ దాకా వాడాక

దీని కొలతలు, రంగులు, ధర అన్నీ అమ్మే చోటే రాసి ఉంటాయి, అవి వదిలేస్తున్నాను. నేను చెప్పదలుచుకున్నది ఒక్కదాని గురించే. ఈ టైమర్‌లో మిగిలిన సమయం కంటికి కనిపిస్తుంది. డిస్క్‌ని ఎంత తిప్పితే అంత మేర ఎరుపు బయటికొస్తుంది, నిమిషాలు గడిచేకొద్దీ అది తరిగిపోతూ ఉంటుంది. ఈ ఒక్క కారణంతోనే దీన్ని ఇన్నాళ్లు వదలకుండా వాడుతున్నాను. ఒకసారి నాకు ఏడుపొచ్చేంత పని చేసింది కూడా ఈ ఎరుపే.

నాకు ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, సమయం పట్టు తప్పడం లాంటి ఇబ్బందులు తెచ్చే సమస్య) ఉందని, సీఏ చదువులో భాగంగా ఆడిటర్ల దగ్గర పనిచేస్తూ నేర్చుకునే ఆర్టికల్‌షిప్‌లో చేరిన కొత్తల్లో, చెన్నైలో తేలింది. నెల్లూరులో చదువుకున్నన్నాళ్లూ మార్కులు బాగానే వచ్చేవి, క్లాసులో అల్లరి చేసేదాన్ని కాదు, కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. 'పరధ్యానం ఎక్కువ' అని ప్రోగ్రెస్ రిపోర్టులో రాసి వదిలేశారు. ఇక్కడ డాక్టరు గారు అమ్మని కూడా పిలిపించి నా చిన్నప్పటి సంగతులు చాలాసేపు అడిగారు. పెద్దయ్యాక నిర్ధారించాలన్నా కొన్ని లక్షణాలు 12 ఏళ్లలోపే కనిపించి ఉండాలి, 2013లో వచ్చిన డీఎస్‌ఎం-5 అనే అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ పుస్తకంలో అలా ఉంది. అమ్మ చెప్పినవన్నీ దాదాపు ఒకే రకం. స్నానానికి వెళితే ఎప్పుడొస్తానో తెలియదు, స్కూలు బస్సు హారన్ కొడుతుంటే అప్పుడు సాక్సు వెతుక్కుంటాను. గడియారం చూడటం నాకు ఒకటో తరగతిలోనే వచ్చు. పావుగంట అంటే ఎంతసేపు ఉంటుందో మాత్రం ఇప్పటికీ లోపల తెలియదు.

ఏడీహెచ్‌డీ మీద దశాబ్దాలుగా పనిచేసిన రస్సెల్ బార్‌క్లీ అనే అమెరికన్ సైకాలజిస్టు చెప్పేది ఇదే. ఏం చెయ్యాలో వీళ్లకు తెలుసు, తెలిసినదాన్ని సమయానికి చెయ్యడం దగ్గరే చిక్కు. కాబట్టి 'గుర్తుపెట్టుకో' అని చెప్పి లాభం లేదు, గుర్తుచేసేదాన్ని, సమయం చూపించేదాన్ని పని జరిగే చోటే ఎదురుగా పెట్టాలి. ఆ మాట చదివాకే దీన్ని కొన్నాను. అప్పటిదాకా ఫోన్‌లో టైమర్ వాడేదాన్ని. ఎంత మిగిలిందో చూద్దామని ఫోన్ తీస్తే మెసేజ్‌లు, మెసేజ్‌ల నుంచి రీల్స్, చదువు అక్కడితో సరి. దీనికి స్క్రీన్ లేదు. తల తిప్పితే ఎరుపు కనిపిస్తుంది, మళ్లీ పుస్తకంలోకి వచ్చేయొచ్చు.

25 నిమిషాలు చదివి 5 నిమిషాలు ఆగమనే పొమొడోరో పద్ధతి గురించి ఒక మాట, ఎందుకంటే ఇలాంటి టైమర్ కొన్న ప్రతివాళ్లూ ముందు అదే చేస్తారు. 1980ల చివర్లో ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే ఇటలీ విద్యార్థి టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్‌తో మొదలుపెట్టిన పద్ధతి అది. నాకు పడలేదు. ఫైనాన్షియల్ రిపోర్టింగ్‌లో కన్సాలిడేషన్ (ఒక గ్రూపులోని కంపెనీల ఖాతాలన్నీ కలిపే) లెక్క తీసుకుంటే, ఏ కంపెనీ దేన్ని ఎప్పుడు కొన్నదో తలకెక్కడానికే పావుగంట పైన పడుతుంది. సరిగ్గా చెయ్యి సాగే వేళకి బీప్ మోగితే లేచి మళ్లీ కూర్చోవడం నా వల్ల కాదు. అదే ఆడిటింగ్ స్టాండర్డ్స్ (ఆడిట్ ఎలా చేయాలో చెప్పే నియమాలు) చదవాలంటే 25 నిమిషాలు చాలా ఎక్కువ, పన్నెండు పెట్టుకుంటే కూర్చోగలను. పనిని బట్టి ఎరుపు ఎంతో నేనే నిర్ణయించుకోవడం మొదలుపెట్టాకే దీనితో నాకు కుదిరింది.

చదువు కోసం కొన్నాను గానీ, ఎక్కువ మేలు జరిగింది పొద్దున్న పూట. నేనుండేది సైదాపేటలో ఒక లేడీస్ హాస్టల్, ఆఫీసు నుంగంబాక్కంలో. లోకల్ ట్రైన్‌లో మధ్యలో మాంబళం, కోడంబాక్కం రెండే స్టేషన్లు. అయినా ప్రతిరోజూ లేటే, ఎందుకంటే లేటు జరిగేది ట్రైన్‌లో కాదు, గదిలో. టైమర్‌ని చదువు బల్ల మీంచి తీసి అద్దం కింద షెల్ఫ్‌లో పెట్టాను. నలభై నిమిషాలు తిప్పి మొదలుపెడితే, జడ వేసుకుంటున్నప్పుడు ఎరుపు పావు వంతుకి వచ్చిందా లేదా చూసుకోవచ్చు. నా రూమ్‌మేట్‌ది తిరుపతి, తనని అక్క అంటాను. అంతకుముందు తను 'ఇంకా కాలేదా?' అని అడిగేది, నాకు చిరాకొచ్చేది, ఇద్దరం మాట్లాడుకోకుండా స్టేషన్‌కి నడిచేవాళ్లం. ఇప్పుడు తను నన్ను ఏమీ అడగదు, ఒకసారి షెల్ఫ్ వైపు చూస్తుంది అంతే. నా ఆలస్యం మా ఇద్దరి మధ్య గొడవగా లేకుండా పోయింది. ఇది ఏ ప్రకటనలోనూ రాయరు గానీ, నాకు దీని విలువంతా ఇక్కడే ఉంది.

ఇక ఆ మాక్ టెస్టు సంగతి.

సీఏ ఫైనల్ మొదటి గ్రూపు పరీక్షలు దగ్గరపడుతున్న రోజులు. ఆదివారం మధ్యాహ్నం ఆడిటింగ్ పేపరు పూర్తిగా రాద్దామని కూర్చున్నాను. అసలు పరీక్ష ఎలాగో అలాగే, రెండింటికి మొదలుపెట్టి ఐదింటికి ఆపాలి. ఈ డిస్క్ గంట వరకే తిరుగుతుంది కాబట్టి మూడుసార్లు తిప్పుకోవాలి, అదొక లోటు. ఫోన్‌ని అక్క తన బీరువాలో పెట్టి తాళం వేసి పాండీ బజార్ వెళ్లింది. గదిలో గోడ గడియారం లేదు. మొదటి ఎరుపు అయిపోయేసరికి ఎంసీక్యూలన్నీ (ఇచ్చిన జవాబుల్లో ఒకటి ఎంచుకునే ప్రశ్నలు) అయ్యాయి, మొదటి పెద్ద ప్రశ్న కూడా అయింది. నాకు ఎప్పుడూ అంత వేగం లేదు. ఏడీహెచ్‌డీకి వాడే మందు పట్టింది, అలవాట్లు కుదిరాయి, ఇన్నాళ్లకి అందరిలా మూడు గంటల్లో పేపరు పూర్తిచేయగలుగుతున్నాను అనుకున్నాను. ఆ సంతోషంలో రెండో గంటలో తీరిగ్గా, అక్షరం చక్కగా కుదిర్చి రాశాను. మూడోసారి తిప్పి, ఇంకా సగం ఎరుపు ఉండగా అక్క వచ్చింది.

"ఏంటే, ఇంకా రాస్తున్నావా? ఐదుంబావు దాటింది" అంది.

నేను నమ్మలేదు. తను ఫోన్ తీసి చూపించింది. ఇద్దరం టైమర్ పక్కనే ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూశాం. ఇది పది నిమిషాలు గడిచాయని చూపించేసరికి అక్కడ పన్నెండు దాటింది. లోపల సెల్ అయిపోవస్తోంది. అయిపోతే ఆగిపోతుందనుకుంటాం. ఇది ఆగలేదు, నిదానించింది.

అప్పుడు నాకు ఏడుపొచ్చింది పేపరు మిగిలిపోయినందుకు కాదు. అక్కే ఆ కుర్చీలో ఉండి ఉంటే, గంట కాస్తా గంటంబావు సాగుతుంటే తనకి లోపల ఎక్కడో తెలిసేది. 'ఇంత రాశాను, ఇంకా గంట కాలేదా?' అని అనుమానం వచ్చేది. నాకు ఆ అనుమానమే రాదు. అది రాకపోవడమే నా జబ్బు, దానికోసమే ఈ వస్తువు కొనుక్కున్నాను. ఇది తప్పు చూపిస్తే పట్టుకోగలిగిన వాళ్లకి దీనితో పెద్దగా పనిలేదు, దీనిమీదే ఆధారపడ్డవాళ్లకి తప్పు దొరకదు. తయారుచేసేవాళ్లు ఈ ఒక్క సంగతి ఆలోచించి ఉంటే సెల్ బలం తగ్గగానే వెలిగే చిన్న లైటు పెట్టేవారు. కంపెనీకి రాస్తే 'సెల్ మార్చి చూడండి, వారంటీ ముగిసింది' అని జవాబొచ్చింది. పరీక్షలకు చదివేవాళ్ల కోసమని పెట్టె మీద బొమ్మ వేసి మరీ అమ్ముతున్నారు, లోపలి కాగితంలో సెల్ ఎప్పుడు మార్చాలో ఒక్క ముక్క లేదు.

కొన్నాళ్లు దాన్ని డ్రాయర్‌లో పడేశాను. మళ్లీ పొద్దున్నపూట లేట్లు మొదలవడంతో బయటికి తీశాను, కానీ ఈసారి దాని పక్కన ఒక కాగితం కూడా పెట్టుకున్నాను. పని మొదలుపెట్టేముందు చేతి గడియారం చూసి టైము రాస్తాను, ఎంతసేపు పడుతుందనుకుంటున్నానో రాస్తాను, అయిపోయాక మళ్లీ టైము రాస్తాను. టైమర్ మీద నిఘాకని మొదలుపెట్టిన ఈ కాగితం నాకు కొత్త సంగతి చెప్పింది. నా అంచనాలన్నీ తక్కువే ఉంటాయని డాక్టరు గారి దగ్గర కూడా చెప్పాను. అలా లేవు. 25 నిమిషాలనుకున్న కన్సాలిడేషన్ లెక్కకి 50 పడుతోంది, నిజమే. కానీ గంట పడుతుందని భయపడి వారమంతా వాయిదా వేసిన ఆడిటింగ్ స్టాండర్డ్ 35 నిమిషాల్లో అయిపోతోంది. ఇష్టమైన పనిని తక్కువగా, విసుగు పుట్టించే పనిని ఎక్కువగా లెక్కేసుకుంటున్నాను. ఎర్ర డిస్క్ ఇది ఎప్పటికీ చెప్పలేదు, అది ముందుకి మాత్రమే చూపిస్తుంది.

ఇంకొకటి. ఒకే చోట ఉంచితే కొన్ని వారాల తర్వాత అది కంటికి ఆనదు. బల్ల మీద ఉన్న సీసాలూ పెన్నులూ ఎంతో అదీ అంతే. అందుకని చోటు మారుస్తూ ఉంటాను, కిటికీ మీద, తలుపు పక్కన స్టూలు మీద. తలుపు పక్కన పెడితే రాత్రిపూట ఇంకో లాభం, ఎక్సెల్‌లో రివిజన్ పట్టికకి రంగులు వేస్తూ అర్ధరాత్రి దాటించే అలవాటు ఉన్నప్పుడు, బీప్ ఆపడానికి లేవక తప్పదు. లేస్తే లాప్‌టాప్ మూయడం సులువు.

ఆదివారాలు కోట్టూర్‌పురంలో అన్నా శతాబ్ది గ్రంథాలయానికి వెళతాను. 2010లో తెరిచిన లైబ్రరీ అది. అక్కడ సొంత పుస్తకాలు తెచ్చుకుని చదువుకునేవాళ్లకి విడిగా చోటు ఉంది. యూపీఎస్సీకీ బ్యాంకు పరీక్షలకీ చదివేవాళ్లు చుట్టూ కూర్చుని ఉంటే, ఎవరూ నన్ను చూడకపోయినా, నేను లేవలేను. పక్కన ఇంకొకరు పనిచేస్తుంటే మనం పనిలో కూర్చోగలగడాన్ని బాడీ డబ్లింగ్ అంటారు. నిజం చెప్పాలంటే అక్కడ టైమర్ బ్యాగులోంచి తీయడం మరిచిపోయిన రోజులున్నాయి, అయినా చదువు సాగింది. కాబట్టి పైన చెప్పిన పొగడ్తలో కొంత ఆ కుర్చీలకీ, అక్కకీ ఇవ్వాలి.

కొంత మందుకీ ఇవ్వాలి. నేను మిథైల్‌ఫెనిడేట్ వాడుతున్నాను, కొన్ని గంటలు పనిచేసి దిగిపోయే రకం. మందు పనిచేస్తున్నంతసేపూ ఎరుపు చూస్తే లేచి కదలగలను. సాయంత్రం దిగిపోయాక అదే ఎరుపు కళ్లముందు తరిగిపోతున్నా మంచం మీంచి లేవను, చూస్తూ ఉంటాను. సమయం కనిపించడం వేరు, కదలడం వేరని అప్పుడు తెలుస్తుంది. ఈ మందు షెడ్యూల్ ఎక్స్ అనే గట్టి నియంత్రణ ఉన్న మందుల జాబితాలో ఉంది, ప్రిస్క్రిప్షన్ రెండు ప్రతులు ఇవ్వాలి, అన్ని మెడికల్ షాపుల్లోనూ దొరకదు. మర్చిపోవడమే సమస్య అయినవాళ్లు వారం ముందే గుర్తుపెట్టుకుని తెచ్చుకోవాల్సిన మందు ఇది. దానికి టైమర్ పనికిరాదు. అమ్మ నెల్లూరు నుంచి ఫోన్ చేసి 'మాత్రలు ఎన్ని ఉన్నాయి, లెక్కపెట్టి చెప్పు' అంటుంది, ఆ ఫోనే పనిచేస్తోంది.

పరీక్ష హాల్లోకి దీన్ని తీసుకెళ్లలేం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 వైకల్యాల జాబితాలో ఏడీహెచ్‌డీకి విడిగా చోటు లేదు, కాబట్టి అదనపు సమయం మీద నేను ఆశ పెట్టుకోలేదు. వంద మార్కులకి 180 నిమిషాలు, మార్కుకి 1.8 నిమిషాలు. 30 మార్కుల ఎంసీక్యూలకి 54 నిమిషాలు, అంటే 2:54కి అవి వదిలి పెద్ద ప్రశ్నల్లోకి వెళ్లిపోవాలి. ఇప్పుడు మాక్ టెస్టులు ముళ్లున్న మామూలు చేతి గడియారంతోనే రాస్తున్నాను. రెండు ముళ్ల మధ్య ఖాళీని చూస్తే ఎరుపు ఉన్నట్టే అనిపించడం ఈ మధ్యే మొదలైంది. రోజూ అనిపించదు.

కొనమంటారా అని ఆర్టికల్‌షిప్‌లో నా తర్వాత చేరిన జూనియర్లు అడుగుతుంటారు. పొద్దున్న గది దాటడమే కష్టమైతే, గదిలో ఇంకో మనిషి ఉంటే, కొనండి. ఒంటరిగా ఉంటూ దీనితోనే మూడు గంటల పేపర్లు సాధన చేద్దామనుకుంటే గంట దాటి తిరిగే మోడల్ చూడండి, పక్కన ఇంకో గడియారం తప్పకుండా పెట్టండి. నాకు మందు ఉంది, అక్క ఉంది, సైదాపేట నుంచి ఆఫీసు మూడో స్టేషనే. ఇవేవీ లేని చోట ఇది ఎంతవరకు ఉపయోగపడుతుందో నేను చెప్పలేను. సెల్ మాత్రం ప్రతి నెలా జీతం పడిన రోజున మారుస్తున్నాను, మార్చిన తేదీ వెనక టేపు మీద రాస్తున్నాను. తీసిన సెల్ అక్క తన టార్చిలో వేసుకుంటుంది.