పాత ఫోర్డ్ టైప్ 9 గేర్‌బాక్సా, మియాటా గేర్‌బాక్సా?

బ్రిటన్‌లో ఇంటి షెడ్డులో లోకాస్ట్ తరహా (తక్కువ ఖర్చుతో సొంతంగా తయారుచేసుకునే) చిన్న కారు కట్టుకునేవాళ్లకు తప్పని ప్రశ్న ఇది. ఇంజిన్ ముందు చక్రాలను నడిపే కారు నుంచి తీసిన ఫోర్డ్ జెటెక్ ఇంజిన్‌ను కారు పొడవు వెంబడి ఉండేలా తిప్పి పెట్టి, వెనక చక్రాలు నడపాలి. మరి తుక్కు యార్డులో ఏ గేర్‌బాక్స్ తీయాలి?

ఫోర్డ్ సియెర్రా కార్ల నుంచి వచ్చే టైప్ 9కి బెల్‌హౌసింగ్ (గేర్‌బాక్స్‌ను ఇంజిన్‌కు కలిపే గంట ఆకారపు తొడుగు) విడిగా బోల్టులతో ఊడుతుంది. జెటెక్‌కు సరిపోయేది విడిగా కొని బిగించుకోవచ్చు. మాజ్డా ఎంఎక్స్-5 (మియాటా) 5 గేర్ల పెట్టెలో అది కేసింగ్‌తో కలిసే పోత పోసి ఉంటుంది, కాబట్టి ఫోర్డ్ ఇంజిన్‌కు దాన్ని బిగించాలంటే మధ్యలో అడాప్టర్ ప్లేటు తప్పదు. పైగా మియాటాలో గేర్‌బాక్స్‌నూ డిఫరెన్షియల్‌నూ (వెనక చక్రాలకు శక్తిని పంచే భాగం) కలిపే పొడవాటి ఫ్రేము ఉంటుంది. అది వదిలేస్తే వెనక మౌంటు మీరే చేసుకోవాలి.

గేర్ల దగ్గర మాత్రం మాజ్డాదే పైచేయి. నాలుగు సిలిండర్ల టైప్ 9లో మొదటి గేరు నిష్పత్తి 3.65 (గేర్‌బాక్స్ నుంచి బయటికొచ్చే షాఫ్ట్ ఒకసారి తిరగడానికి ఇంజిన్ ఎన్నిసార్లు తిరగాలో ఆ సంఖ్య), రెండోది 1.97. 6000 ఆర్‌పీఎం దగ్గర మారిస్తే ఇంజిన్ 3240 దాకా పడిపోతుంది. తేలిక కారుకి ఆ మొదటి గేరు కదలడానికి తప్ప ఎందుకూ పనికిరాదు! మాజ్డాలో 3.136, 1.888, పడేది 3600కే. వీ6 టైప్ 9 (3.36) దొరికితే కొంత నయం, కానీ దాని ఇన్‌పుట్ షాఫ్ట్ (ఇంజిన్ వైపు నుంచి తిరిగే షాఫ్ట్) పొడవు వేరు.

నా ఓటు: ఫోర్డ్ ఇంజిన్ అయితే టైప్ 9. మియాటా మొత్తం చేతిలో ఉంటే ఇంజిన్, గేర్‌బాక్స్ విడదీయకండి. ఏది కొన్నా, షాఫ్ట్ చేత్తో తిప్పి ప్రతి గేరూ వేసి చూడండి.