పాస్‌వర్డ్‌లు దాచుకోవడానికి క్రోమా, ఫైర్‌ఫాక్సా?

ఇంటిల్లిపాదీ వాడే కంప్యూటర్‌లో పాస్‌వర్డ్‌లు ఏ బ్రౌజర్‌లో సేవ్ చేసుకోవాలని చాలామంది అడుగుతున్నారు. విండోస్ వరకు చెబుతాను.

ఇన్‌స్టాల్ చేశాక సెట్టింగ్స్ జోలికే వెళ్లనివాళ్లకు క్రోమే మేలు. అది పాస్‌వర్డ్‌లను మీ విండోస్ అకౌంట్‌తో ముడిపెట్టి ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, అంటే కీ లేనిదే చదవలేని రూపంలోకి మారుస్తుంది. రిపేరు షాపులో ఎవరైనా ఆ పాస్‌వర్డ్‌లున్న ఫైలు ఒక్కటీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుపోయినా వాళ్ల సిస్టమ్‌లో తెరుచుకోదు.

ఫైర్‌ఫాక్స్ కూడా ఎన్‌క్రిప్ట్ చేస్తుంది గానీ తాళంచెవి పక్కనే పెడుతుంది. పాస్‌వర్డ్‌లు లాగిన్స్.జేసన్ అనే ఫైల్లో, వాటిని తెరిచే కీ అదే ఫోల్డర్‌లోని కీ4.డీబీలో ఉంటాయి. ఆ రెండూ చేతికి చిక్కితే ఇంకో కంప్యూటర్‌లోని ఫైర్‌ఫాక్స్‌లో వేసుకుని అన్నీ చదివేయొచ్చు. దీన్ని ఆపడానికి ప్రైమరీ పాస్‌వర్డ్ ఉంది, అంటే సేవ్ చేసినవన్నిటికీ కలిపి వేసే ఒక తాళం. 2020 దాకా మాస్టర్ పాస్‌వర్డ్ అన్నది ఇదే. కానీ మనంతట మనం వెతికి టిక్ పెడితేనే పనిచేస్తుంది. ఇంత ముఖ్యమైనదాన్ని ఇన్నేళ్లుగా ఆఫ్‌లోనే ఉంచి ఇవ్వడం నాకు అస్సలు నచ్చదు.

అయినా నా ఓటు ఫైర్‌ఫాక్స్‌కే. మన ఇళ్లలో ఫైళ్లు ఎత్తుకుపోయేవాళ్లకన్నా ఆ కుర్చీలో కూర్చునేవాళ్లే ఎక్కువ. అందరిదీ ఒకటే విండోస్ అకౌంట్, పిన్ పిల్లలకు కూడా తెలుసు. క్రోమ్‌లో పాస్‌వర్డ్ చూడాలంటే ఆ పిన్నే అడుగుతుంది. లాగిన్ పేజీలో అయితే అదీ అడగకుండా నింపేస్తుంది. నింపేముందు అడిగే సెట్టింగ్ ఒకటి ఉంది, అదీ ఆఫ్‌లోనే వస్తుంది. ఆన్ చేసినా మళ్లీ ఇంట్లో అందరికీ తెలిసిన ఆ పిన్నే. ప్రైమరీ పాస్‌వర్డ్ విండోస్‌తో సంబంధం లేనిది, పెట్టినవాళ్లకే తెలుస్తుంది. అది కొట్టేదాకా ఫైర్‌ఫాక్స్ ఏ పేజీలోనూ పాస్‌వర్డ్ నింపదు. పైన చెప్పిన ఫైళ్లు పోయినా అది తెలియకుండా తెరవడం కష్టం, కాస్త పొడుగ్గా పెట్టుకోండి.

ఎడ్జ్ సంగతి దాదాపు క్రోమ్ లాంటిదే. ఓపిక ఉంటే పాస్‌వర్డ్‌లు దాచడానికే ఉన్న విడి ప్రోగ్రామ్ కీపాస్ఎక్స్‌సీ మంచిది, మొదట్లోనే పాస్‌వర్డ్ పెట్టమంటుంది.

ఫైర్‌ఫాక్స్ ఎంచుకుంటే సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీకి వెళ్లి, పాస్‌వర్డ్‌ల దగ్గర ‘యూజ్ ఎ ప్రైమరీ పాస్‌వర్డ్’కు టిక్ పెట్టండి. మర్చిపోతే రీసెట్ చేయడం తప్ప దారిలేదు, సేవ్ చేసినవన్నీ పోతాయి. ఇంకోటి, ఒకసారి కొట్టాక బ్రౌజర్ మూసేదాకా మళ్లీ అడగదు. కుర్చీలోంచి లేచేముందు ఫైర్‌ఫాక్స్ విండోలన్నీ మూసేయండి.