విజయవాడలో లాజిస్టిక్స్ ఎంబీఏకి ఫీజు కట్టబోతున్నారా? ముందు ఇది చదవండి

గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీలో ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. మిర్చి టిక్కీల (బస్తాల) లెక్క, లారీ రసీదులు, సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసుకునే ఈ-వే బిల్లులు చూడటం నా పని. చదివింది బీకామ్. లాజిస్టిక్స్‌లో పీజీ ఉంటే ఏదైనా పెద్ద గోడౌన్‌లో మేనేజర్‌గానో, కృష్ణపట్నం, విశాఖ పోర్టుల వైపో మంచి ఉద్యోగం వస్తుందని ఆశపడ్డాను. ఆ ఆశతోనే విజయవాడలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరి మోసపోయాను. పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇలాంటి బోర్డు రేపు ఇంకో పేరుతోనూ వెలుస్తుంది. బోర్డు కన్నా వాళ్లు చేసే పద్ధతి మీకు తెలియాలి.

చేరడానికి వెళ్లిన రోజు కౌన్సెలర్ చాలా మర్యాదగా మాట్లాడింది. "ఉద్యోగం చేసుకుంటున్నారు కదండీ, ఐసెట్ ఎంట్రన్స్ రాయక్కర్లేదు. ఆదివారం క్లాసులకు వస్తే చాలు. రెండేళ్లకి యూనివర్సిటీ ఎంబీఏ మీ చేతిలో ఉంటుంది, ప్లేస్‌మెంట్ నూటికి నూరు శాతం మాది" అంది. యూనివర్సిటీ వేరే రాష్ట్రంలోది. ఫీజు ₹1,45,000. ముందు ₹15,000 కట్టాను. మిగతాది వడ్డీ లేకుండా నెలకు ₹5,900 చొప్పున 24 వాయిదాలు అన్నారు. ఆ రోజే గుణించి చూసుకుని ఉంటే ₹1,41,600 అవుతుందని తెలిసేది. నేను బాకీ ఉన్నది ₹1,30,000. అంటే వడ్డీ ఉంది. నేను లెక్క వేసుకోలేదు.

అసలు దెబ్బ ఇక్కడే తగిలింది, కాస్త నిదానంగా చదవండి. వాయిదాల కోసం ఆధార్, పాన్ తీసుకున్నారు. నా ఫోనుకు ఒకదాని వెంట ఒకటి ఓటీపీలు వచ్చాయి. "సైట్ స్లోగా ఉందండీ, ఇలా ఇవ్వండి" అని ఫోను తీసుకుని ఆ ఓటీపీలు వాళ్లే ఎంటర్ చేసేశారు. అవి ఫీజు వాయిదాలు కావు, ఒక ఫైనాన్స్ కంపెనీ నా పేరున ఇచ్చిన లోను. ఆ డబ్బంతా ఒకేసారి ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లిపోయింది. నెలనెలా నా ఖాతాలోంచి వాయిదా కట్ అయ్యేలా బ్యాంకు మాండేట్ కూడా అప్పుడే పెట్టేశారు. చదువు ఆగినా లోను ఆగదు. ఒక నెల ఖాతాలో డబ్బు లేక వాయిదా తప్పితే బ్యాంకు చార్జీలు పడ్డాయి, సిబిల్ స్కోరు పడిపోయింది. ఆ టెన్షన్‌లో ఇంట్లో చెప్పడానికి నాకు మూడు నెలలు పట్టింది.

ఇలా ఫోనులో, యాప్‌ల ద్వారా ఇచ్చే లోన్లకు రిజర్వ్ బ్యాంకు నిబంధనలు ఉన్నాయి. సంతకానికి ముందే వడ్డీ, చార్జీలు అన్నీ రాసిన కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ మనకు ఇవ్వాలి. లోను వచ్చిన మొదట్లో కూలింగ్ ఆఫ్ అని కొద్ది గడువు ఉంటుంది. ఆ లోపు అసలు, ఆ రోజులకైన వడ్డీ కట్టేసి పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు. నాకు ఈ విషయం తెలిసేసరికి ఏడు నెలలు దాటిపోయాయి.

ఇక చదువు. ఆదివారం పూట స్లయిడ్లు చదివి వినిపించేవారు. శాప్ (కంపెనీల్లో స్టాకు, లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్) ట్రైనింగ్ అన్నది రికార్డు చేసిన వీడియోలు, లాగిన్ కూడా ఇవ్వలేదు. ఒకసారి నా పనిలో రోజూ ఎదురయ్యేదే అడిగాను. మిర్చి లోడుతో చెన్నై వెళ్తున్న లారీ ఒంగోలు దగ్గర చెడిపోతే, సరుకు వేరే లారీకి మార్చినప్పుడు ఈ-వే బిల్లు ఏం చేయాలి అని. సిలబస్‌లో లేదన్నారు. నిజానికి బిల్లులో వాహనం వివరాలుండే పార్ట్-బిలో కొత్త లారీ నంబరు ఎక్కించాలి, అంతే. సరుకు రవాణా గురించి ఎంబీఏ చెప్పేవాళ్లకు అది తెలియకపోవడం నాకు బాధగా అనిపించింది.

మొదటి సెమిస్టర్ పరీక్షల టైమ్‌కి హాల్‌టికెట్ రాలేదు. ఈ వారం, వచ్చే వారం అన్నారు. చివరికి నేనే ఆ యూనివర్సిటీకి మెయిల్ పెట్టాను. ఆ పేరుతో మా దగ్గర విద్యార్థి లేరు, విజయవాడలో మాకు సెంటరూ లేదు అని జవాబు వచ్చింది. అప్పుడు నా రసీదు తీసి చూశాను. అందులో ఎంబీఏ అన్న మాటే లేదు. "ప్రొఫెషనల్ ప్రోగ్రామ్" అని ఉంది, కింద ఇన్‌స్టిట్యూట్ ముద్ర. ప్లేస్‌మెంట్ అని చూపించింది హైదరాబాద్ శివార్లలో ఒక గోడౌన్‌లో, కాంట్రాక్టర్ కింద పార్సిళ్లు సర్దే పని, నెలకు ₹14,000. దానికి ఇంటర్ పాసైతే చాలు.

డిగ్రీ ఇచ్చే హక్కు యూనివర్సిటీలకూ, చట్టం అనుమతించిన సంస్థలకూ మాత్రమే ఉంది. యూనివర్సిటీలను చూసే కేంద్ర సంస్థ యూజీసీకి సంబంధించిన 1956 చట్టంలోనే ఉంది ఇది. దూరవిద్య కోర్సులు ఫ్రాంచైజీలకు ఇవ్వడాన్ని యూజీసీ 2020 నిబంధనలు ఒప్పుకోవు. కాబట్టి "ఫలానా యూనివర్సిటీ ఫ్రాంచైజీ మాది" అని ఎవరైనా గర్వంగా చెప్తే అక్కడే లేచి వచ్చేయండి. యూజీసీ దూరవిద్య బ్యూరో సైట్‌లో ఏ యూనివర్సిటీకి, ఏ కోర్సుకు, ఏ సంవత్సరానికి అనుమతి ఉందో ఉంటుంది. యూనివర్సిటీ పేరు కనబడితే సరిపోదు, మీ కోర్సు పేరు కూడా కనబడాలి. 2024-25 నుంచి దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ చేరేవాళ్లు ఆ బ్యూరో సైట్‌లో డెబ్ ఐడీ అనే విద్యార్థి నంబరు సొంతంగా చేసుకోవాలి. నన్ను ఆ ఐడీ ఎవరూ అడగలేదు. అప్పుడే అనుమానం రావాల్సింది. పీజీడీఎం అంటే మాత్రం డిప్లొమా, దానికి సాంకేతిక, మేనేజ్‌మెంట్ కోర్సులు చూసే కేంద్ర మండలి ఏఐసీటీఈ అనుమతి ఉందో లేదో చూడండి.

ఫీజు యూనివర్సిటీ ఖాతాకే కట్టండి, రసీదు యూనివర్సిటీ పేరునే తీసుకోండి. మధ్యలో ఎవరి ఖాతాకీ వద్దు.

లాజిస్టిక్స్ చదవొద్దని నేను అనడం లేదు. మన మిర్చి యార్డు, ఆటోనగర్, రెండు హైవేలు, ఇంత పెద్ద రైల్వే జంక్షన్ ఉన్న చోట ఆ చదువుకు విలువ ఉంది. ఐసెట్ రాస్తే నాగార్జున యూనివర్సిటీ మన రెండు ఊళ్ల మధ్యే ఉంది. ఇగ్నో ప్రాంతీయ కేంద్రం విజయవాడలోనే ఉంది. నేను ఈసారి నేరుగా అక్కడికే వెళ్లి అడుగుతాను.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను, ఫైనాన్స్ కంపెనీకి రాతపూర్వకంగా ఇచ్చాను. ఇంకా తొమ్మిది వాయిదాలు ఉన్నాయి. ఇలాంటి "ప్రొఫెషనల్ ప్రోగ్రామ్" రసీదు మీ దగ్గర కూడా ఉంటే, ఇవాళే యూనివర్సిటీకి మెయిల్ పెట్టి మీ పేరు అక్కడ ఉందో లేదో కనుక్కోండి. ఇంకా చేరని తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక్కటే చెప్తున్నాను: ఆ ఆఫీసులో ఎవరు అడిగినా మీ ఫోను మాత్రం చేతికి ఇవ్వకండి.